మాట పోయిన నజ్రుల్, మంచం మీద నుంచే కాచుకున్న ప్రమీల

1942 జూలైలో ఒక రోజు. కలకత్తా రేడియో కేంద్రంలో కాజీ నజ్రుల్ ఇస్లాం కార్యక్రమం నడుస్తోంది. మాట్లాడుతుండగానే ఆయన నాలుక మొద్దుబారింది. మాట తడబడి, ముద్దయి, ఆగిపోయింది. అలసట వల్ల అయి ఉంటుందని, రెండు రోజులు పడుకుంటే సర్దుకుంటుందని అందరూ అనుకున్నారు. అప్పటికి ఆయన వయసు 43 ఏళ్లు. ఆ మాట మళ్లీ తిరిగి రాలేదు. 1976 ఆగస్టు 29న ఢాకాలోని ఆసుపత్రిలో కన్నుమూసే దాకా మరో 34 ఏళ్లు ఆయన మాట లేకుండానే బతికారు.

నజ్రుల్ అనగానే తెలుగు పాఠకులకు గుర్తొచ్చేది బెంగాల్ తిరుగుబాటు కవి, బంగ్లాదేశ్ జాతీయ కవి. ఆయన జీవితాన్ని చెప్పేవాళ్లు కూడా చాలావరకు 1942 దగ్గరే ఆగిపోతారు. తర్వాతి కాలానికి ఒక పేజీ, కొన్నిసార్లు ఒక పేరా. కానీ 77 ఏళ్ల జీవితంలో 34 ఏళ్లంటే దాదాపు సగం. ఆ సగంలో ఆయన ఏమీ రాయలేదు, పాడలేదు. అయినా తిన్నారు, నిద్రపోయారు, నవ్వారు, కోప్పడ్డారు. ఎవరో ఒకరు ప్రతి రోజూ ఆయనకు అన్నం పెట్టారు, ఒళ్లు కడిగారు, పడిపోకుండా చూసుకున్నారు. ఆ మనుషుల కథ కూడా కలిస్తేనే నజ్రుల్ జీవితం పూర్తవుతుంది.

దుఖు మియా

1899 మే 24న ఇప్పటి పశ్చిమ బెంగాల్‌లోని అసన్‌సోల్ దగ్గర చురులియా గ్రామంలో నజ్రుల్ పుట్టారు. తండ్రి కాజీ ఫకీర్ అహ్మద్ ఊరి మసీదులో ఇమాం. తల్లి జాహెదా ఖాతూన్. కష్టాల మధ్య పుట్టిన పిల్లవాడని ఇంట్లో దుఖు మియా అని పిలిచేవారు. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి పోయాడు. బడి మానేసి మసీదులో పనిచేశారు. ఊరూరా తిరిగి ఆడిపాడే లేటో బృందంలో చేరి పాటలు కట్టారు. అసన్‌సోల్‌లో రొట్టెల దుకాణంలో పనికి కుదిరారు. అక్కడ ఒక పోలీసు ఉద్యోగి ఈ కుర్రవాడి తెలివిని గమనించి, తన సొంత జిల్లా మైమన్‌సింగ్‌కు తీసుకువెళ్లి బడిలో చేర్పించాడు. ఆ తర్వాత రాణిగంజ్ దగ్గరి సియర్‌సోల్ బడిలో పదో తరగతి దాకా వచ్చి, 1917లో చదువు వదిలేసి సైన్యంలో చేరారు.

49వ బెంగాలీ రెజిమెంట్‌లో భాగంగా కరాచీలో ఉన్నారు. అక్కడే పారశీక కవిత్వం బాగా చదివారు, రాయడమూ మొదలుపెట్టారు. 1920లో రెజిమెంట్ రద్దయ్యాక కలకత్తా చేరి, తర్వాత కమ్యూనిస్టు నాయకుడిగా పేరు పొందిన ముజఫర్ అహ్మద్‌తో కలిసి ఒకే గదిలో ఉన్నారు. 1921 డిసెంబరులో ఆ గదిలోనే ఒక్క రాత్రిలో రాసిన కవిత బిద్రోహి. తెలుగులో విద్రోహి అంటే నమ్మకద్రోహి. బెంగాలీలో ఆ మాటకు తిరుగుబాటుదారు అని అర్థం. 1922 జనవరిలో అది అచ్చయ్యేసరికి 22 ఏళ్ల నజ్రుల్ పేరు బెంగాల్ అంతా మారుమోగింది.

అదే ఏడాది ఆగస్టులో ధూమకేతు అనే పత్రిక పెట్టారు. అందులో అచ్చయిన ఒక కవితకు రాజద్రోహం కేసు పడింది. 1923 జనవరిలో ఏడాది కఠిన శిక్ష వేశారు. హుగ్లీ జైలులో ఖైదీలను చూస్తున్న తీరుకు నిరసనగా నెలకు పైగా నిరాహార దీక్ష చేశారు. జైల్లో ఉన్న ఈ యువకుడికి రవీంద్రనాథ్ ఠాగూర్ తన బసంత నాటకాన్ని అంకితమిచ్చారు.

కొమిల్లా అమ్మాయి

కొమిల్లాలో నజ్రుల్‌కు రాకపోకలున్న ఒక హిందూ కుటుంబంలోని అమ్మాయి ఆశాలత సేన్‌గుప్తా. ఆమే ప్రమీల. తండ్రి లేడు. తల్లి గిరిబాలా దేవి. 1924 ఏప్రిల్‌లో నజ్రుల్, ప్రమీల పెళ్లి చేసుకున్నారు. ఎవరూ మతం మారలేదు. అటు హిందూ బంధువులు దూరమయ్యారు, ఇటు ముస్లిం సంప్రదాయవాదులూ తప్పుపట్టారు. కూతురి వెంట నిలబడింది గిరిబాలా దేవి ఒక్కరే. అయినవాళ్లను కాదనుకుని ఆమె కూతురు, అల్లుడి దగ్గరే ఉండిపోయారు. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. తర్వాత కష్టం వచ్చినప్పుడు ఈ ఇంటికి ఆసరాగా రావడానికి చుట్టాలు లేరు.

నలుగురు కొడుకులు పుట్టారు. మొదటివాడు పసితనంలోనే పోయాడు. రెండోవాడు బుల్‌బుల్ 1930లో మశూచితో చనిపోయాడు. ఆ దుఃఖంలోనే నజ్రుల్ పూర్తిచేసిన హాఫిజ్ రుబాయిల అనువాదాన్ని బుల్‌బుల్‌కే అంకితమిచ్చారు. మిగిలిన ఇద్దరు సవ్యసాచి, అనిరుద్ధ.

1928 నుంచి గ్రామఫోన్ కంపెనీకి పనిచేశారు. రాగాలు కట్టడం, గాయకులకు నేర్పడం, రికార్డు చేయించడం రోజూ ఉండేవే. మూడు వేలకు పైగా పాటలు ఆయనవి. ఇస్లాం భక్తి గీతాలూ రాశారు, కాళికా దేవి మీద శ్యామా సంగీతమూ రాశారు. చేతినిండా పని ఉన్నా, చేతిలో డబ్బు నిలిచే మనిషి కాదు.

1939 ప్రాంతంలో ప్రమీలకు పక్షవాతం వచ్చింది. నడుము కింది భాగం పడిపోయింది. భార్య వైద్యం కోసం నజ్రుల్ తిరగని చోటు లేదు. అల్లోపతి, కవిరాజుల మందులు, సాధువులు, తాయెత్తులు అన్నీ అయ్యాయి. రికార్డుల మీదా పుస్తకాల మీదా వచ్చే రాయల్టీని తాకట్టు పెట్టారు. రోగిని చూసుకునే మనిషిగా మొదట నిలబడింది నజ్రులే.

జబ్బుకు పేరు లేని పదేళ్లు

మాట పోవడానికి ముందే ఆయనలో మార్పులు వచ్చాయా? బుల్‌బుల్ పోయిన తర్వాత ఆయన యోగ సాధన వైపు, గురువుల వైపు మళ్లారు. గంటల కొద్దీ ధ్యానంలో ఉండేవారు. ఠాగూర్ మరణం ఆయన్ను బాగా కుంగదీసింది. ఒకవైపు దుఃఖం, ఇంకోవైపు అప్పులు, భార్య జబ్బు, పత్రిక పని. వీటిలో ఏది మనసు బాధ, ఏది సాధన, ఏది మెదడు జబ్బు అని ఆనాడు ఎవరూ విడదీసి చూడలేకపోయారు. ఇప్పటికీ మన ఇళ్లలో జరుగుతున్నది ఇదే. పెద్దాయన మౌనంగా ఉంటే దిగులు అంటాం, కోప్పడితే వయసు అంటాం, పొంతన లేని మాటలు మాట్లాడితే చాదస్తం అంటాం. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి రెండు మూడేళ్లు గడిచిపోతాయి.

1942 జూలైలో నజ్రుల్‌ను మొదట హోమియోపతి వైద్యుడికి చూపించారు. గాలి మార్పు కోసం మధుపూర్ తీసుకువెళ్లారు. ఆ ఖర్చుకు శ్యామాప్రసాద్ ముఖర్జీ సాయం చేశారు. రాజకీయాల్లో ఇద్దరివీ పూర్తిగా వేరు దారులు. అయినా కవి జబ్బు పడ్డాడంటే బెంగాల్‌లో ఆ గీతలు చెరిగిపోయాయి. గుణం కనిపించకపోవడంతో తిరిగి తీసుకొచ్చి, అక్టోబరులో కలకత్తాలోని లుంబినీ పార్క్ మానసిక వైద్యశాలలో చేర్పించారు. భారతదేశంలో మనోవిశ్లేషణకు ఆద్యుడు, ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపిన గిరీంద్రశేఖర్ బోస్ నడిపిన ఆసుపత్రి అది. కొన్ని నెలలు ఉంచినా ఫలితం లేకపోయింది. ఇంటికి తెచ్చేశారు.

ఆ తర్వాత పదేళ్లు దాదాపుగా వైద్యం లేదు. అవి మామూలు ఏళ్లు కావు. 1943లో బెంగాల్ కరువు, 1946లో కలకత్తా మతకల్లోలాలు, 1947లో దేశ విభజన. అద్దె ఇళ్లు మారుతూ, సాయం కమిటీల మీద, నెలసరి భత్యాల మీద ఆ సంసారం నడిచింది. బయట లోకంలో రకరకాల పుకార్లు పుట్టాయి. ఎవరో విషం పెట్టారన్నారు. యోగం వికటించిందన్నారు. రహస్య రోగం అన్నారు. కారణం తెలియని జబ్బుకు జనం ఎప్పుడూ ఎవరో ఒకరిని బాధ్యుల్ని చేస్తారు. వేలెత్తి చూపడానికి ఇంట్లో ఉన్నవాళ్లే దొరుకుతారు.

గిరిబాలా దేవి విషయంలో అదే జరిగింది. కదల్లేని కూతురు, మాట లేని అల్లుడు, చదువుకునే ఇద్దరు మనవళ్లు. ఇల్లంతా ఆమె చేతి మీద నడిచేది. సాయంగా వచ్చే డబ్బు ఏమవుతోందన్న గుసగుసలు ఆమె చెవిన పడ్డాయి. 1946లో ఒక రోజు ఆమె ఇల్లు వదిలి వెళ్లిపోయారు. మళ్లీ ఆచూకీ తెలియలేదు. బాగా అలిసిపోయిన సంరక్షకురాలికి తోడు మనిషి బదులు నింద ఎదురైతే ఏమవుతుందో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

రాంచీ, లండన్, వియన్నా

1952లో అభిమానులు, రచయితలు కలిసి నజ్రుల్ వైద్యం కోసం సంఘం పెట్టారు. అదే ఏడాది జూలైలో ఆయనను రాంచీ మానసిక వైద్యశాలకు పంపారు. ఇవాళ్టి రాంచీ, రాయ్‌పూర్ రెండూ 2000 నవంబరులో ఏర్పడిన కొత్త రాష్ట్రాలకు రాజధానులు. ఆ రోజుల్లో మాత్రం తూర్పు, మధ్య భారతంలో రాంచీ పేరు చెబితే పిచ్చాసుపత్రే గుర్తొచ్చేది. నాలుగు నెలలు అక్కడ ఉన్నా మార్పు లేదు. ఉండే అవకాశమూ లేదు. ఆయనది ఆ ఆసుపత్రి నయం చేయగల జబ్బు కాదు.

1953 మేలో నజ్రుల్‌నూ ప్రమీలనూ లండన్ పంపారు. అక్కడి నిపుణులు పరీక్షించి, మొదట్లో సరైన వైద్యం అందలేదని అన్నారు. శస్త్రచికిత్స చేసి చూద్దామన్న ప్రతిపాదన వచ్చింది. నాడీ వైద్యంలో పెద్ద పేరున్న రస్సెల్ బ్రెయిన్ ఇది నయమయ్యేది కాదన్నారు, ఆపరేషన్‌ను సమర్థించలేదు. చివరకు వియన్నాలో ప్రొఫెసర్ హాన్స్ హోఫ్ మెదడు రక్తనాళాల ఎక్స్‌రే తీయించి, జబ్బు పేరు చెప్పారు. అది పిక్స్ వ్యాధి. మెదడు ముందు భాగం కుంచించుకుపోయింది, బాగుచేసే దారి లేదు. డిసెంబరు మధ్యలో నజ్రుల్ కలకత్తా తిరిగి వచ్చారు. జబ్బు మొదలైన పదకొండేళ్లకు దానికి ఒక పేరు దొరికింది.

1892లో ప్రేగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు ఇలాంటి రోగిని మొదట వర్ణించాడు. ఆయన పేరే ఈ జబ్బుకు వచ్చింది. ఆ మెదడు కణాల్లో కనిపించే ప్రత్యేక మార్పును తర్వాత సూక్ష్మదర్శినిలో చూసి వివరించినవాడు అలోయిస్ అల్జైమర్. ఇప్పుడు దీన్ని ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అనే పెద్ద గుంపులో చేరుస్తున్నారు. అల్జైమర్స్ జబ్బులో సాధారణంగా మొదట జ్ఞాపకం పోతుంది. ఇందులో మొదట దెబ్బతినేది ప్రవర్తన, లేదా భాష. పైగా ఇది ముసలితనం దాకా ఆగదు. చాలామందిలో 45, 65 ఏళ్ల మధ్యే మొదలవుతుంది. అందుకే దీన్ని పిచ్చి అనో, తాగుడు అనో, మొండితనం అనో పొరబడటం ఎక్కువ. ఈ జబ్బుతో 34 ఏళ్లు బతకడం చాలా అరుదు.

హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం వెలువరించింది. రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడుతోందని అందులో తేలింది. నజ్రుల్‌కు బెంగాలీతో పాటు ఉర్దూ, పారశీకం, హిందీ వచ్చు. అన్ని భాషలున్నా నలభై మూడేళ్లకే మాట పోయింది. సగటు లెక్క ఏ ఒక్క మనిషికీ హామీ ఇవ్వదు.

మంచం మీద నుంచి నడిచిన ఇల్లు

వియన్నా తీర్పు తర్వాత నయం చేయాలన్న ఆశ పోయింది. మిగిలింది చూసుకోవడం ఒక్కటే. నిజానికి అప్పటికి పదేళ్లుగా ప్రమీల చేస్తున్నది అదే. ఆమెకు నడుము కింద కదలిక లేదు. ఒక పక్కకు ఒత్తిగిలి పడుకునే ఆమె ఇంటి పనులు చెప్పి చేయించేవారు, కూరగాయలు తరిగేవారు. నజ్రుల్‌ను మంచం పక్కన కూర్చోబెట్టుకుని తన చేత్తోనే తినిపించేవారు. ఆయనకు ఎప్పుడు ఆకలేస్తుందో, ఎందుకు కోపం వచ్చిందో, దేనికి భయపడ్డారో మాటతో చెప్పలేరు. ముఖం చూసి, చేతుల కదలిక చూసి తెలుసుకోవాలి. అది రోజూ దగ్గర ఉండే మనిషికి తప్ప ఇంకొకరికి పట్టుబడదు.

డిమెన్షియా ఉన్న మనిషి క్షేమం గురించి వైద్యులు ఇవాళ చెప్పే మాటలు చాలావరకు ఆ ఇంట్లో పుస్తకం చదవకుండానే నడిచాయి. తిండికీ నిద్రకూ ఒకే వేళ ఉండాలి. చుట్టూ తెలిసిన ముఖాలే ఉండాలి. ముద్ద మింగాకే ఇంకో ముద్ద పెట్టాలి, లేదంటే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తప్పు దిద్దడం కంటే ఊరడించడం ముఖ్యం. నచ్చిన సంగీతం వినిపించాలి. నజ్రుల్ దగ్గర కూర్చుని ఆయన పాటలే పాడితే ఆయన ముఖంలో కదలిక కనిపించేదని చూసినవారు చెప్పారు. రాసినవాడు తానేనన్న సంగతి తెలియకపోయినా పాట మాత్రం లోపలికి చేరింది.

ఇంట్లో మరో ఆసరా పెద్ద కోడలు ఉమ. నర్సు పని నేర్చిన మనిషి. సవ్యసాచిని పెళ్లాడి ఆ ఇంటికి వచ్చి మామగారి సేవ చేతిలోకి తీసుకున్నారు. ఇద్దరు మంచాన పడ్డ మనుషులున్న ఇంట్లో శిక్షణ ఉన్న ఒక్క మనిషి ఉండటం ఎంత తేడానో, అలాంటి ఇల్లు నడిపినవారికే తెలుస్తుంది.

1960లో భారత ప్రభుత్వం నజ్రుల్‌కు పద్మభూషణ్ ఇచ్చింది. 1962 జూన్ 30న ప్రమీల కన్నుమూశారు. పక్షవాతం వచ్చిన ఇరవై మూడేళ్లలో ఇరవై ఏళ్లు ఆమె భర్తను కాచుకున్నారు. ఆమెను చురులియాలో, ఆయన పుట్టిన ఊళ్లో ఖననం చేశారు. ఆమె పోయిన సంగతి నజ్రుల్‌కు ఎంత అర్థమయిందో ఎవరికీ తెలియదు. బుల్‌బుల్ పోయినప్పుడు ఆయనకు రాయడానికి మాట ఉంది. ప్రమీల పోయినప్పుడు లేదు.

ఢాకా ప్రయాణం

1972లో కొత్తగా పుట్టిన బంగ్లాదేశ్, తన పోరాటంలో పాటగా నిలిచిన కవిని తన దగ్గరికి రప్పించుకోవాలనుకుంది. షేక్ ముజిబుర్ రెహమాన్ ప్రభుత్వం భారత ప్రభుత్వంతో మాట్లాడింది. కుటుంబం ఒప్పుకుంది. మే 24న, సరిగ్గా ఆయన పుట్టినరోజున, కలకత్తాలోని క్రిస్టఫర్ రోడ్డు ఇంటి నుంచి 73 ఏళ్ల నజ్రుల్‌ను విమానంలో ఢాకా తీసుకువెళ్లారు. జయంతి ఉత్సవాల కోసం మొదలైన ఆ ప్రయాణానికి తిరుగు ప్రయాణం లేకపోయింది.

దీన్ని ఒక వైపు నుంచే చూడటం న్యాయం కాదు. ధాన్‌మండిలో ఆయనకు మంచి ఇల్లు ఇచ్చారు. వైద్యులను, భత్యాన్ని ఏర్పాటు చేశారు. ఉమ సంసారంతో పాటు వెంట వెళ్లారు కాబట్టి తెలిసిన చేయి ఒకటి ఆయన పక్కనే ఉంది. కలకత్తాలోని ఇరుకు ఇంటి కంటే వసతి బాగుంది. అయితే వెళ్తారా అని అడిగితే అవుననో కాదనో చెప్పగల స్థితిలో ఆయన లేరు. ఏ దేశానికి వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో తెలియని మనిషి తరఫున రెండు ప్రభుత్వాలూ ఒక కుటుంబమూ నిర్ణయం తీసుకున్నాయి. అక్కడ దిగినప్పటి నుంచీ జనం తండోపతండాలుగా వచ్చారు. ఆ ఏళ్ల ఫోటోల్లో మెడ నిండా దండలతో, కళ్లు పెద్దవి చేసి ఎటో చూస్తున్న పెద్దాయన కనిపిస్తారు. అందులో జనం ప్రేమ ఉంది. గుంపు, చప్పుడు, కెమెరాలు డిమెన్షియా ఉన్న మనిషిని ఎంత బెదరగొడతాయో గమనించిన జాడ మాత్రం తక్కువే.

1974లో చిన్న కొడుకు అనిరుద్ధ కలకత్తాలో చనిపోయారు. గిటారు వాద్యకారుడిగా తండ్రి పాటల స్వరలిపిని కాపాడినవాడు ఆయన. అదే ఏడాది ఢాకా విశ్వవిద్యాలయం నజ్రుల్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1975 జూలైలో ఆరోగ్యం క్షీణించడంతో ఢాకాలోని పీజీ ఆసుపత్రికి మార్చారు. చివరి ఏడాదికి పైగా అక్కడే గడిచింది. 1976లో బంగ్లాదేశ్ పౌరసత్వం, ఏకుషే పదక్ పురస్కారం ఇచ్చారు. ఆగస్టులో న్యుమోనియా సోకింది. డిమెన్షియా చివరి దశలో ఎక్కువ మందిని తీసుకుపోయేది అదే. 29న ఉదయం ప్రాణం పోయింది.

మసీదు పక్కన తనను పాతిపెట్టమని కోరుతూ ఆయన రాసిన పాట ఒకటి ఉంది. దాని ప్రకారం ఢాకా విశ్వవిద్యాలయం మసీదు పక్కన అదే రోజు సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. కలకత్తా నుంచి సవ్యసాచి చేరుకునేసరికి అంతా అయిపోయింది. ఢాకా సమాధి మీది మట్టిని ఆయన చురులియాకు తెచ్చి తల్లి సమాధి దగ్గర ఉంచారు. ప్రమీల పక్కన చోటు నజ్రుల్‌కు దక్కలేదు.

ఇప్పటి ఇళ్లలో

2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వీరిలో చాలామందిని చూసుకుంటున్నది భార్యలు, కోడళ్లు, కూతుళ్లే. ఆ పనికి జీతం లేదు, సెలవు లేదు. చాలా ఇళ్లలో కృతజ్ఞత కూడా లేదు. గిరిబాలా దేవిని చుట్టుముట్టిన గుసగుసలు ఇవాళ ఆస్తి, పింఛను పేరుతో వినిపిస్తాయి.

రాయ్‌పూర్ సంగతే చూద్దాం. 1931లో విజయనగరం, రాయ్‌పూర్ రైలు మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనులకూ, తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారానికీ వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాల్లో ఉంటారు. నలభై ఏళ్లు అదే వీధిలో ఉన్న తండ్రికి మతి తప్పుతోందని తెలిసిన రోజున ఆ పిల్లల ముందుకు వచ్చేది ఢాకా ప్రశ్నే. తమ దగ్గరికి తెచ్చుకోవాలా, అక్కడే ఉంచాలా? కొత్త ఊళ్లో లిఫ్టు తెలియదు, స్నానాల గది ఎటో తెలియదు, వీధిలోకి వెళ్తే వెనక్కి దారి తెలియదు. అక్కడే ఉంచితే చూసే మనిషి లేరు. కొందరిలో తర్వాత నేర్చుకున్న హిందీ ముందు జారిపోయి, చిన్ననాటి తెలుగు ఎక్కువ కాలం నిలుస్తుంది. పనికి పెట్టుకున్న మనిషికి ఆ తెలుగు రాకపోతే దాహం అన్న మాట కూడా చేరదు.

ఈ ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. మనిషికి తెలివి ఉండగానే ఆ మాట అడగడం మాత్రం సాధ్యమే. నజ్రుల్ కాలంలో లేని చట్టం ఒకటి ఇప్పుడు ఉంది. జ్ఞాపకం, దిక్కు తెలియడం వంటివి తీవ్రంగా దెబ్బతినడాన్నీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అస్వస్థతగానే లెక్కిస్తుంది. తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకునే హక్కును ఇస్తుంది. ఎక్కడ ఉండాలన్నది ఆ కాగితంతోనే తేలిపోదు కానీ, ఆ సంభాషణ ఇంట్లో మొదలవడానికి అది పనికొస్తుంది. వయోవృద్ధుల కోసం 14567, మానసిక ఆరోగ్య సలహా కోసం 14416 ఫోన్ నంబర్లు ఉన్నాయి. మిగిలినవి ఇంట్లో చేసుకోవలసినవి. జేబులో పేరు, ఫోను నంబరు ఉన్న చీటీ పెట్టాలి. రాత్రి గ్యాస్ కట్టేయాలి. స్నానాల గదికి లోపలి గడియ తీసేయాలి, నేల తడి లేకుండా చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, చూసుకునే మనిషికి వారంలో కొన్ని గంటలైనా విడుపు దొరకాలి.

నజ్రుల్ కోసం రెండు దేశాలు కమిటీలు వేశాయి, బిరుదులు ఇచ్చాయి, విదేశాలకు పంపాయి. అవన్నీ అభిమానంతో చేసినవే. కానీ నయం కాని జబ్బుతో ఆయన ముప్పై నాలుగేళ్లు బతికారంటే, వేళకు అన్నం పెట్టిన చేతులు పక్కన ఉండటం వల్ల కూడా. ఆ చేతుల్లో మొదటివి, లేచి నిలబడలేని ఒక స్త్రీవి.